ముంబైలో లోకల్ ఎక్కే ముందు తేల్చుకోవాల్సినవి

ముంబై వెళ్తున్నామని చెప్పగానే తెలిసినవాళ్లు అనే మొదటి మాట, "లోకల్ ట్రైన్లతో జాగ్రత్త, ఆ రద్దీ మీరు తట్టుకోలేరు" అని. రద్దీ నిజమే. రోజుకు సుమారు 75 లక్షల మంది తిరిగే రైళ్లు అవి. కానీ కొత్తగా వచ్చినవాళ్లు ఇబ్బంది పడేది రద్దీ వల్ల కంటే ముందుగా తెలుసుకోకపోవడం వల్లే ఎక్కువ. పరేల్‌లో దిగాల్సినవాళ్లు అన్ని స్టేషన్లలోనూ ఆగని ఫాస్ట్ బండి ఎక్కి బైకులా దాకా వెళ్లిపోతారు. ముంబై సెంట్రల్ అన్న పేరు చూసి ఆ స్టేషన్‌ను సెంట్రల్ లైన్‌లో వెతుకుతారు. అంధేరి వెస్ట్‌లో పని పెట్టుకుని ఈస్ట్ వైపు దిగిపోయి, ఆటోలో ఊరంతా చుట్టి వస్తారు. ఏ లైన్, ఏ బండి, స్టేషన్‌కి ఏ వైపు అన్న మూడు సంగతులు బయల్దేరే ముందే తేల్చుకుంటే ఈ అవస్థలు చాలావరకు తప్పుతాయి.

అన్నిటికంటే ముందు ఊరి ఆకారం అర్థం కావాలి. ముంబై ఉత్తరం నుంచి దక్షిణానికి సముద్రంలోకి చాపిన చెయ్యిలా ఉంటుంది. వేళ్ల కొసన కొలాబా, చర్చ్‌గేట్, సీఎస్‌ఎంటీ (ఛత్రపతి శివాజీ మహరాజ్ టెర్మినస్) ఉంటాయి. ఇంకా పైకి వస్తే దాదర్. అక్కడి నుంచి ఊరు వెడల్పవుతూ, ఒకవైపు బాంద్రా, అంధేరి, బోరివలి మీదుగా విరార్ దాకా, మరోవైపు కుర్లా, ఘాట్కోపర్, ఠాణే మీదుగా కల్యాణ్ దాకా సాగుతుంది. పాత కంపెనీలు, కోర్టులు, బ్యాంకులు దక్షిణాన ఉంటే, ఇళ్లు ఉత్తరానికి జరుగుతూ పోయాయి. అందుకే జనమంతా పొద్దున దక్షిణానికి, సాయంత్రం ఉత్తరానికి కదులుతారు. ఉత్తర దక్షిణాల మధ్య దూరం పోవాలంటే లోకల్ రైలుకు సాటి లేదు. తూర్పు పడమరల మధ్య పోవాలంటే మాత్రం లోకల్ పెద్దగా పనికిరాదు. అక్కడ మెట్రో, బస్సు, ఆటో కావాలి. యాప్‌లో ఏ దారి చూపించినా ఈ ఒక్క విషయంతో సరిచూసుకుంటే అది సబబైన దారో కాదో తెలిసిపోతుంది.

రెండు కంపెనీలు వేసిన పట్టాలు

ముంబై లోకల్ మ్యాప్ చూడగానే కలిగే అయోమయానికి కారణం చరిత్రలో ఉంది. 1853 ఏప్రిల్ 16న బోరీ బందర్ నుంచి ఠాణేకి దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిపింది గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే కంపెనీ. పడమటి తీరం వెంట పట్టాలు వేసింది వేరే కంపెనీ, బాంబే, బరోడా అండ్ సెంట్రల్ ఇండియా రైల్వే. ఎవరి స్టేషన్లు వాళ్లవి, ఎవరి టెర్మినల్ వాళ్లది. స్వాతంత్ర్యం వచ్చాక 1951లో మొదటిది సెంట్రల్ రైల్వేలోకి, రెండోది వెస్టర్న్ రైల్వేలోకి వచ్చాయి గానీ పట్టాలు మాత్రం అప్పటిలాగే ఉండిపోయాయి. వెస్టర్న్ లైన్ చర్చ్‌గేట్‌లో మొదలైతే, సెంట్రల్ లైన్ సీఎస్‌ఎంటీలో మొదలవుతుంది. పాతవాళ్లు సీఎస్‌ఎంటీని ఇప్పటికీ వీటీ (విక్టోరియా టెర్మినస్) అనే అంటారు. ఈ రెండు స్టేషన్ల మధ్య నడిచి వెళ్లేంత దూరమే అయినా, ఒకదాని నుంచి ఇంకోదానికి లోకల్ లేదు.

కొత్తవాళ్లను తికమకపెట్టే పేర్లన్నీ ఇక్కడే పుట్టాయి. ముంబై సెంట్రల్ స్టేషన్ ఉన్నది వెస్టర్న్ లైన్‌లో. మాటుంగా సెంట్రల్ లైన్‌లో ఉంటే, మాటుంగా రోడ్ వెస్టర్న్ లైన్‌లో ఉంది. సెంట్రల్ లైన్‌లోని పరేల్, వెస్టర్న్ లైన్‌లోని ప్రభాదేవి పక్కపక్కనే ఉంటాయి, నడక వంతెన దాటితే చాలు. ప్రభాదేవికి 2018 దాకా ఎల్ఫిన్‌స్టన్ రోడ్ అని పేరు. 2017 సెప్టెంబర్ 29న అక్కడి ఇరుకు వంతెన మీద తొక్కిసలాట జరిగి 23 మంది చనిపోయారు. లోయర్ పరేల్ అన్న ఇంకో స్టేషన్ కూడా ఉంది, అది మళ్లీ వెస్టర్న్. కాబట్టి ఎవరైనా "పరేల్ దగ్గర దిగండి" అంటే, ఏ లైన్‌లో వస్తున్నామో చెప్పి ఏ స్టేషనో కచ్చితంగా అడిగి రాసుకోవాలి.

మూడోది హార్బర్ లైన్. సీఎస్‌ఎంటీ నుంచే బయల్దేరి వడాలా దగ్గర రెండుగా చీలుతుంది. ఒక పాయ కుర్లా, వాషీ మీదుగా పన్వేల్ వెళ్తే, ఇంకోటి బాంద్రా, అంధేరి మీదుగా గోరేగావ్ వెళ్తుంది. నవీ ముంబైలో పని ఉంటే ఈ లైనే దిక్కు. ఠాణే నుంచి నేరుగా వాషీ, పన్వేల్ వైపు పోయే ట్రాన్స్‌హార్బర్ లైన్ కూడా ఉంది. కల్యాణ్ వైపు నుంచి నవీ ముంబై పోవాలంటే దక్షిణానికి దిగి మళ్లీ వెనక్కి రానక్కర్లేదు, ఠాణేలో మారిపోవచ్చు.

లైన్లు మారడానికి అందరికీ తెలిసిన చోటు దాదర్. వెస్టర్న్, సెంట్రల్ రెండూ కలిసేది ఇక్కడే. ఇదివరకు రెండు వైపులా ప్లాట్‌ఫాం నంబర్లు ఒకటి నుంచే మొదలయ్యేవి. "మూడో నంబర్‌కి రండి" అంటే ఏ మూడో తెలిసేది కాదు. 2023 డిసెంబర్‌లో సెంట్రల్ వైపు నంబర్లు మార్చారు. ఇప్పుడు 1 నుంచి 7 వరకు వెస్టర్న్, 8 నుంచి 14 వరకు సెంట్రల్. రెండు వైపులకూ కలిపి ఒకే టికెట్ చాలు. ఠాణే నుంచి అంధేరికి టికెట్ తీసుకుంటే దాదర్‌లో మళ్లీ కౌంటర్ దగ్గరికి పోవాల్సిన పని లేదు.

స్లోనా, ఫాస్టా

అసలు తప్పులన్నీ జరిగేది ఇక్కడ. రద్దీ ఉన్న భాగమంతా స్లో బండ్లకు ఒక జత, ఫాస్ట్ బండ్లకు ఒక జత పట్టాలు ఉంటాయి. స్లో ప్రతి స్టేషన్‌లోనూ ఆగుతుంది. ఫాస్ట్ ముఖ్యమైన వాటిలోనే ఆగుతుంది. సెంట్రల్ లైన్‌లో సీఎస్‌ఎంటీ నుంచి బయల్దేరిన ఫాస్ట్ మామూలుగా బైకులా, దాదర్, కుర్లా, ఘాట్కోపర్, ఠాణే, డోంబివలి, కల్యాణ్‌లలో ఆగుతుంది. ములుండ్ లాంటి కొన్ని చోట్ల కొన్ని ఫాస్ట్‌లు ఆగుతాయి, కొన్ని ఆగవు. వెస్టర్న్‌లో ముంబై సెంట్రల్, దాదర్, బాంద్రా, అంధేరి, బోరివలి పెద్ద స్టాపులు.

ప్లాట్‌ఫాం మీద వేలాడే ఇండికేటర్ బోర్డులో ఈ సమాచారమంతా ఉంటుంది, చదవడం తెలియాలి అంతే. బండి చివరి స్టేషన్‌కి ఒక గుర్తు అక్షరం ఉంటుంది. బోరివలికి బీఓ, కల్యాణ్‌కి కె, ఠాణేకి టి అని ఊహించుకోవచ్చు గానీ, కసారాకి ఎన్, కర్జత్‌కి ఎస్ అని ఎవరూ చెప్పకుండా తెలియదు. దాని పక్కనే స్లోనా ఫాస్టా అని, 12 పెట్టెలా 15 పెట్టెలా అని, ఇంకెన్ని నిమిషాల్లో వస్తుందని ఉంటుంది. కింద స్టేషన్ల పేర్లు వరుసగా కదులుతూ పోతుంటాయి. మీ స్టేషన్ పేరు ఆ వరుసలో కనిపిస్తేనే ఎక్కండి. కొత్తవాళ్లు ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం టెన్షన్ పోతుంది.

ఏది ఎక్కాలో తేలకపోతే స్లో ఎక్కండి. పావుగంట, ఇరవై నిమిషాలు ఎక్కువ పట్టొచ్చు గానీ మీ స్టేషన్ దాటిపోదు. ఫాస్ట్ ఎక్కి దిగాల్సిన చోటు దాటిపోతే, వంతెన ఎక్కి అవతలి ప్లాట్‌ఫాంకి వెళ్లి వెనక్కి రావడంలో మిగిలిన సమయమంతా పోతుంది.

దీనికంటే ముఖ్యమైనది, మ్యాప్ యాప్‌లు చెప్పనిది ఇంకోటి ఉంది. సాయంత్రం పూట దగ్గర్లో దిగడానికి దూరం పోయే బండి ఎక్కకూడదు. చర్చ్‌గేట్‌లో విరార్ ఫాస్ట్ ఎక్కి అంధేరిలో దిగుదామనుకుంటే, అది అక్కడ ఆగినా మీరు దిగడం కష్టం. విరార్ దాకా పోవాల్సినవాళ్లు గంటన్నర ప్రయాణం కోసం తలుపు దాకా కిక్కిరిసి నిలబడి ఉంటారు. మీరు దిగాలంటే వాళ్లంతా కదలాలి. బండి ఆగేది అర నిమిషం లోపే. అంధేరి పోవాలంటే అంధేరి లోకల్, లేదంటే బోరివలి లోకల్ పట్టుకోండి. ఠాణే పోవాలంటే కర్జత్, కసారా ఫాస్ట్‌లు వదిలేసి ఠాణే బండి కోసం ఆగండి. మీరు దిగే స్టేషన్‌లోనో, దానికి కాస్త అవతలో ఆఖరయ్యే బండి మీకు సరైన బండి. రోజూ తిరిగేవాళ్లు కూడా ఇలాగే ఎంచుకుంటారు.

ఎక్కాక దిగే ఏర్పాటు ముందు నుంచే చేసుకోవాలి. దాదర్‌లో దిగాలంటే అంతకు ముందు స్టేషన్ నుంచే తలుపు వైపు జరగాలి. ముందు నిలబడ్డ మనిషిని "దాదర్ ఉతర్నా హై?" అని అడిగితే చాలు. ఔనంటే ఆయన వెనకే నిలబడండి, కాదంటే ఆయనే పక్కకి జరిగి మిమ్మల్ని ముందుకి పంపుతాడు. ప్లాట్‌ఫాం ఏ వైపు వస్తుందో కూడా ఆయన్నే అడగండి. ముంబై ప్రయాణికులు ముక్తసరిగా మాట్లాడతారు, కానీ దారి అడిగితే సరిగ్గా చెబుతారు.

తలుపు దగ్గర వేలాడటం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 2025 జూన్ 9న ముంబ్రా దగ్గర ఎదురెదురుగా వెళ్తున్న రెండు లోకల్స్ తలుపుల దగ్గర నిలబడ్డవాళ్లు పట్టాల మీద పడిపోయి ప్రాణాలు పోయాయి. ఒక బండి వదిలేస్తే కొన్ని నిమిషాల్లో ఇంకోటి వస్తుంది. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లకు వేలాడి పోయేంత తొందర అసలే ఉండదు. పొద్దున ఎనిమిది నుంచి పదకొండు వరకు దక్షిణానికి, సాయంత్రం ఐదున్నర నుంచి తొమ్మిది దాకా ఉత్తరానికి పోయే బండ్లు తప్పించుకుంటే, మధ్యాహ్నం పూట ఇవే లోకల్స్‌లో కూర్చుని వెళ్లొచ్చు.

పెట్టెల సంగతి కూడా తెలిసి ఉండాలి. ఫస్ట్ క్లాస్ పెట్టె బయటి నుంచి చూస్తే సెకండ్ క్లాస్‌కి పెద్ద తేడా కనిపించదు. కొత్తవాళ్లు ఖాళీగా ఉందని ఎక్కేసి జరిమానా కడుతుంటారు. టికెట్ లేకపోయినా, తక్కువ తరగతి టికెట్‌తో దొరికినా చార్జీ మీద కనీసం 250 రూపాయలు అదనంగా కట్టాలి. పెట్టె మీద, ప్లాట్‌ఫాం మీద ఉండే చారల గుర్తులు చూసి నిలబడాలి. ఆడవాళ్లకు ప్రతి బండిలో విడిగా పెట్టెలు ఉంటాయి, రాత్రి పూట వాటిలో పోలీసు కాపలా ఉంటుంది. భార్యాభర్తలు వేర్వేరు పెట్టెల్లో ఎక్కితే, ఏ స్టేషన్‌లో దిగాలో, ప్లాట్‌ఫాం మీద ఎక్కడ కలుసుకోవాలో ఎక్కకముందే అనుకోవాలి. రద్దీలో ఫోన్ తీసి మాట్లాడే వీలు ఉండదు. 2017 డిసెంబర్ 25న మొదలైన ఏసీ లోకల్స్ తలుపులు మూసుకునే నడుస్తాయి. పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే వాటి కోసం ఆగడం మంచిది. వాటి టికెట్ మాత్రం వేరు, మామూలు టికెట్‌తో ఎక్కకూడదు.

సెకండ్ క్లాస్‌లో కనీస టికెట్ 5 రూపాయలే. కౌంటర్ల దగ్గర క్యూలు పెద్దవిగా ఉంటాయి కాబట్టి రైల్‌వన్ యాప్ ముందే ఫోన్‌లో వేసుకుని, స్టేషన్ లోపలికి పోకముందే టికెట్ తీసుకోండి. ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాక తీసుకుందామంటే కుదరకపోవచ్చు. రెండు మూడు రోజులు బాగా తిరిగే పని ఉంటే, ఒక రోజు, మూడు రోజులు, ఐదు రోజుల టూరిస్ట్ టికెట్లు కౌంటర్‌లో అడగండి. వీటి సంగతి చాలామందికి తెలియదు.

మెట్రో వచ్చాక మారిన లెక్కలు

పదేళ్ల కిందట ముంబై వెళ్లొచ్చినవాళ్ల సలహాలు ఇప్పుడు సగం చెల్లవు. దానికి కారణం మెట్రో. 2014 జూన్‌లో వెర్సోవా, అంధేరి, ఘాట్కోపర్ లైన్ మొదలైంది. పొడవు 11.4 కిలోమీటర్లే అయినా, అది తీర్చింది పెద్ద సమస్య. అంతకు ముందు వెస్టర్న్ లైన్‌లోని అంధేరి నుంచి సెంట్రల్ లైన్‌లోని ఘాట్కోపర్‌కి రోడ్డు మీద పోతే గంటకు పైగా ట్రాఫిక్‌లో ఇరుక్కునేవాళ్లు, లేదంటే దాదర్ దాకా వెళ్లి తిరిగి రావాల్సి వచ్చేది. ఇప్పుడు ఇరవై నిమిషాల పని. ఆ తర్వాత అంధేరి నుంచి దహిసర్ వైపు 2ఎ, 7 లైన్లు వచ్చాయి.

బయటి నుంచి వచ్చినవాళ్లకు వీటన్నిటికంటే ఉపయోగపడేది మూడో లైన్. మొత్తం 33.5 కిలోమీటర్లు, 27 స్టేషన్లు, దాదాపు అంతా భూగర్భంలోనే. 2024 అక్టోబర్‌లో ఒక భాగం, 2025 మేలో ఇంకో భాగం, 2025 అక్టోబర్‌లో మిగతాది ప్రారంభమయ్యాయి. దక్షిణాన కఫ్ పరేడ్ నుంచి బయల్దేరి చర్చ్‌గేట్, సీఎస్‌ఎంటీ, ముంబై సెంట్రల్, సిద్ధివినాయక్, దాదర్, బీకేసీ (ఆఫీసులుండే బాంద్రా కుర్లా కాంప్లెక్స్), విమానాశ్రయం రెండు టెర్మినళ్లు, మరోల్ నాకా మీదుగా ఆరే వరకు వెళ్తుంది. టికెట్ దూరాన్ని బట్టి 10 నుంచి 70 రూపాయలు. రెండు రైల్వేల మధ్య ఇన్నేళ్లుగా లేని బంధుత్వాన్ని ఈ లైన్ కలిపింది. చర్చ్‌గేట్‌లో దిగి సీఎస్‌ఎంటీ పోవాలన్నా, విమానం దిగి దక్షిణ ముంబై పోవాలన్నా ఇక టాక్సీ బేరాలు అక్కర్లేదు. మరోల్ నాకాలో మొదటి లైన్‌కి మారితే అంధేరి, ఘాట్కోపర్ కూడా అందుబాటులోకి వస్తాయి.

సూట్‌కేసుతో వచ్చి, బీకేసీలో ఇంటర్వ్యూ ఉండి, సాయంత్రం గేట్‌వే ఆఫ్ ఇండియా చూసి పోదామనుకునేవాళ్లు లోకల్ జోలికి పోకుండా మూడో లైన్ మీదే తిరగడం మంచిదని నా అభిప్రాయం. ఇదివరకు బీకేసీ పోవాలంటే బాంద్రాలోనో కుర్లాలోనో దిగి షేర్ ఆటో కోసం క్యూలో నిలబడాలి. వర్షం పడితే ఆ క్యూ కదిలేది కాదు. ఇప్పుడు బీకేసీకి సొంత స్టేషన్ ఉంది. ఒక్క జాగ్రత్త: దాదర్ మెట్రో స్టేషన్, దాదర్ రైల్వే స్టేషన్ ఒకే చోట లేవు. మెట్రో పడమర వైపు ఉంది, మధ్యలో కొంత నడక తప్పదు.

మెట్రోలన్నీ ఒకే సంస్థవి కావు. మొదటి లైన్ ఒకరిది, 2ఎ, 7 ఇంకొకరివి, మూడోది మరొకరిది. లోకల్స్ రెండు రైల్వేలవి, ముంబై సిటీ బస్సులు బెస్ట్ అనే సంస్థవి, నవీ ముంబై, ఠాణేలలో బస్సులు అక్కడి మున్సిపాలిటీలవి. ఊరు ఒక్కటే అయినా రవాణాకి ఒక యజమాని అంటూ లేడు. కొత్తవాళ్లు పడే చాలా తిప్పలకు మూలం ఇదే. 2025 అక్టోబర్‌లో వచ్చిన ముంబై వన్ యాప్‌లో వీటిలో చాలావాటి టికెట్లు ఒకేచోట కొనుక్కోవచ్చు. ఇది ఎంతో ముందే రావాల్సింది. వేరే ఊళ్లో తీసుకున్న నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు ఉంటే కొన్ని మెట్రోల్లో అది కూడా పనికొస్తుంది.

బస్సు, ఆటో, టాక్సీల గురించి కొద్దిగా చెప్పాలి. బెస్ట్ బస్సుల్లో 2025 మే నుంచి కనీస చార్జీ మామూలు బస్సుకి 10, ఏసీకి 12 రూపాయలు. సీఎస్‌ఎంటీ నుంచి కొలాబా లాంటి చిన్న దూరాలకు బస్సే హాయి. స్టాపుల్లో జనం వరుసగా నిలబడతారు, మధ్యలో దూరితే ఊరుకోరు. బస్సు ముందు నంబర్ మరాఠీ అంకెల్లో ఉండొచ్చు, అర్థం కాకపోతే పక్కన చూడండి. ఆటోలు దక్షిణ ముంబైలో ఉండవు. పడమర వైపు బాంద్రా, తూర్పు వైపు సయన్ నుంచి ఉత్తరానికే అవి తిరుగుతాయి. దక్షిణాన నలుపు పసుపు టాక్సీలే. ఆటో, టాక్సీ రెండూ మీటర్ మీదే నడుస్తాయి. 2025 ఫిబ్రవరి నుంచి మొదటి కిలోమీటరున్నరకి ఆటో 26, టాక్సీ 31 రూపాయలు. మీటర్ వేయనంటే దిగిపోయి ఇంకో బండి చూసుకోండి.

ఈస్ట్, వెస్ట్ సంగతి మళ్లీ చెప్పక తప్పదు. ముంబైలో ప్రతి అడ్రస్‌లోనూ పేటతో పాటు పట్టాలకు ఏ వైపో ఉంటుంది: అంధేరి ఈస్ట్, అంధేరి వెస్ట్, ములుండ్ ఈస్ట్, ములుండ్ వెస్ట్. స్టేషన్ నుంచి బయటపడేటప్పుడు వంతెన మీద ఏ మెట్లు దిగుతారన్నదాన్ని బట్టి ఇది తేలుతుంది. తప్పు వైపు దిగితే పట్టాలు దాటే రోడ్డు వంతెన కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. నడిచి వెనక్కి వెళ్లి మళ్లీ స్టేషన్ వంతెన ఎక్కడమే నయం.

టాటా ఆస్పత్రికి వెళ్లేవాళ్ల కోసం

మన రెండు రాష్ట్రాల నుంచి ముంబై వెళ్లేవాళ్లలో అందరూ ఊరు చూడ్డానికి వెళ్లరు. పరేల్‌లోని టాటా మెమోరియల్ ఆస్పత్రిలో క్యాన్సర్ వైద్యం కోసం వెళ్లే కుటుంబాలు ఎన్నో. భాష రాదు, ఊరు తెలియదు, పక్కన రోగి. వీళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి.

మొదట అపాయింట్‌మెంట్ కాగితం మీద ఏ చోటు రాసి ఉందో చూసుకోండి. టాటా వాళ్లకు పరేల్‌లో ఆస్పత్రి ఉన్నట్టే, నవీ ముంబైలోని ఖార్‌ఘర్‌లో ఆక్ట్రెక్ అనే ఇంకో పెద్ద కేంద్రం ఉంది. రెండింటికీ మధ్య చాలా దూరం. కొందరిని పరేల్‌లో చూసి, తర్వాత ఖార్‌ఘర్ రమ్మంటారు.

తర్వాత మీ రైలు ఎక్కడ ఆగుతుందో చూడాలి. విశాఖ, విజయవాడ, సికింద్రాబాద్‌ల మీదుగా వచ్చే కోణార్క్, నాంపల్లి నుంచి వచ్చే హుస్సేన్‌సాగర్, నిజామాబాద్, నాందేడ్ మీదుగా వచ్చే దేవగిరి సీఎస్‌ఎంటీ దాకా వెళ్తాయి. పరేల్ పోవాలంటే చివరిదాకా పోకుండా దాదర్‌లో దిగండి. ఆస్పత్రి పరేల్ ఈస్ట్‌లో ఉంది కాబట్టి దాదర్‌లో ఈస్ట్ వైపు బయటికి వచ్చి టాక్సీ ఎక్కితే దగ్గరే. రోగి నడవగలిగి, సామాను తక్కువైతే, దాదర్ నుంచి సీఎస్‌ఎంటీ వైపు పోయే స్లో ఎక్కితే తర్వాతి స్టేషనే పరేల్. ఫాస్ట్ అక్కడ ఆగదు.

విశాఖ నుంచి నేరుగా వచ్చే ఎల్‌టీటీ ఎక్స్‌ప్రెస్, కరీంనగర్, కాకినాడల నుంచి వచ్చేవి లోకమాన్య తిలక్ టెర్మినస్‌ (ఎల్‌టీటీ)లో ఆగిపోతాయి. దీన్ని జనం కుర్లా టెర్మినస్ అంటారు గానీ, అది కుర్లా లోకల్ స్టేషన్‌కి ఆనుకుని లేదు. దగ్గర్లో ఉన్న లోకల్ స్టేషన్ హార్బర్ లైన్‌లోని తిలక్ నగర్. రోగితో, సంచులతో ఉన్నవాళ్లు అక్కడ లోకల్ ప్రయత్నం చేయకుండా టాక్సీలో పరేల్ వెళ్లడమే మంచిది. ఎక్కింది ఆటో అయితే సయన్ దాటి రాదు, మధ్యలో దించేస్తారు. ఎక్కకముందే టాక్సీ అడగండి.

పరేల్ నుంచి ఖార్‌ఘర్ వెళ్లాలంటే, కల్యాణ్ వైపు పోయే స్లో ఎక్కి కుర్లాలో దిగాలి. అక్కడ హార్బర్ ప్లాట్‌ఫాంకి మారి పన్వేల్ లోకల్ ఎక్కితే ఖార్‌ఘర్‌లో దిగొచ్చు. స్టేషన్ బయట ఆటోలు దొరుకుతాయి. లోకల్స్‌లో దివ్యాంగులకు కేటాయించిన పెట్టెలో క్యాన్సర్ రోగులకూ ఎక్కే వీలుంది. ఈ సంగతి తెలియక ఎంతోమంది రోగులు జనరల్ పెట్టెలో నలిగిపోతున్నారు. ఆస్పత్రి కాగితాలు చేతికందేలా పెట్టుకోండి, ఎవరైనా అడిగితే చూపించండి. వైద్యం కోసం వచ్చిపోయే దూరపు రైళ్లలోనూ రోగికి, తోడు వచ్చే ఒకరికి టికెట్‌లో పెద్ద రాయితీ ఉంది. దానికి కావాల్సిన సర్టిఫికెట్ ఆస్పత్రిలోనే అడిగి తీసుకోవాలి.

భివండీలో మగ్గాల పని చేసే బంధువుల ఇంటికి వెళ్లేవాళ్లు కూడా తెలంగాణ నుంచి చాలామందే ఉంటారు. భివండీ లోకల్స్ నడిచే ప్రధాన లైన్ మీద లేదు. కల్యాణ్‌లో దిగి బస్సో, షేర్ ఆటోనో చూసుకోవడం సులువు. దాదర్ దాకా వెళ్లి వెనక్కి రావడం దండగ.

ఆదివారాలు, వానలు, తిరుగు ప్రయాణం

ఆదివారం జనం తక్కువ ఉంటారని ప్రయాణం పెట్టుకుంటే, మెగా బ్లాక్ ఎదురవుతుంది. మరమ్మతుల కోసం చాలా ఆదివారాలు పొద్దున పదీ పదకొండు నుంచి మధ్యాహ్నం దాకా ఏదో ఒక లైన్‌లో కొన్ని పట్టాలు మూసేస్తారు. ఫాస్ట్‌లు స్లో పట్టాల మీదికి వస్తాయి, హార్బర్‌లో కొంత భాగం పూర్తిగా ఆగిపోవచ్చు కూడా. ఏ లైన్‌లో బ్లాకో ముందు రోజే ప్రకటిస్తారు, ముంబైవాళ్ల ఫోన్లలో ఉండే ఎం ఇండికేటర్ యాప్‌లోనూ చూడొచ్చు.

జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానల లెక్క వేరు. భారీ వర్షం, సముద్రంలో పెద్ద ఆటుపోటు ఒకేసారి వస్తే నీళ్లు బయటికి పోవు. కుర్లా, సయన్, మాటుంగా దగ్గర పట్టాలు మునుగుతాయి. ముందు ఆగిపోయేవి సెంట్రల్, హార్బర్ లైన్లే. 2005 జూలై 26న సాంతాక్రూజ్‌లో ఒక్క రోజులో 944 మిల్లీమీటర్ల వాన కురిసినప్పుడు లక్షల మంది ఆఫీసుల్లో, స్టేషన్లలో చిక్కుకుపోయారు. అంతటి వాన మళ్లీ రాకపోయినా, వానాకాలంలో ఏదో ఒక రోజు లోకల్స్ ఆగడం ఏటా జరిగేదే. ఆస్పత్రి అపాయింట్‌మెంట్, ఇంటర్వ్యూ లాంటివి ఉంటే ఆ పేటలోనే బస చూసుకోండి. రెండు గంటల ముందు బయల్దేరినా ఆ రోజు చాలకపోవచ్చు.

తిరుగు ప్రయాణంలో ఊరి ఆకారమే మళ్లీ లెక్కలోకి వస్తుంది. హైదరాబాద్ వైపు బండ్లు కొన్ని రాత్రి పూట సీఎస్‌ఎంటీలో బయల్దేరతాయి. ఉత్తరాన ఉన్నవాళ్లు సాయంత్రం అక్కడికి పోవాలంటే దక్షిణానికి పోయే లోకల్ ఎక్కుతారు. అది జనానికి ఎదురు దిశ కాబట్టి చోటు దొరుకుతుంది. దక్షిణ ముంబైలో ఉండి ఎల్‌టీటీలో రైలు ఎక్కాల్సినవాళ్లది దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఇంటికి పోయే జనంతో పాటే ఉత్తరానికి పోవాలి, రోడ్డు మీదైనా అదే పరిస్థితి. సాయంత్రం ఐదు లోపే ఎల్‌టీటీ చేరుకుని అక్కడ కూర్చోవడం మేలు. ఠాణే, డోంబివలి, నవీ ముంబైలలో ఉన్నవాళ్లు సీఎస్‌ఎంటీ దాకా దిగి రానక్కర్లేదు. మీ రైలు కల్యాణ్‌లో ఆగుతుంటే, చార్ట్ తయారు కాకముందే టికెట్‌లో ఎక్కే స్టేషన్‌ను కల్యాణ్‌కి మార్చుకోండి.